తువ్వాల వేసిన సీటు

మా పూజకు నాలుగేళ్లు నిండకముందే బస్సులో సీటు ఆపడం వచ్చు. గద్వాల బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే జనం కిటికీల మీద పడతారు. ఒకరు తువ్వాల విసురుతారు, ఒకరు సంచి, ఏమీ లేనివాళ్లు తలమీది టోపీ. తువ్వాల పడ్డ సీటు తువ్వాల వేసినవాళ్లది. కండక్టరు కూడా కాదనడు. మా ఆయన కురుమూర్తి ఇంకొంచెం ముందుకు పోయి, తువ్వాలతోపాటు పూజను కూడా కిటికీలోంచి లోపలికి దింపేవాడు. అది మూడు సీట్ల బెంచీ మీద తువ్వాల పొడుగ్గా పరిచి, నడుమ కూర్చుని, రెండు చేతులూ బార్లా చాపేది. ఎంతటివాళ్లు వచ్చి జరగమన్నా జరిగేది కాదు. "ఇది మా పెద్దమ్మది" అనేది. ఓసారి అయిజ బస్సులో ఓ మీసాల పెద్దమనిషి నవ్వుతూ కూర్చోబోతే, పంచె పట్టుకుని లాగింది. నేను జనాన్ని తోసుకుంటూ ఎక్కేసరికి ఆయన పంచె సవరించుకుంటూ నిలబడి ఉన్నాడు. నా సీటు నాకు ఖాళీగా ఉంది.

ఆ పెద్దమ్మను నేనే, నాగేంద్రమ్మను. పూజ, దాని అక్క భవ్యశ్రీ నా చెల్లెలు భాగ్యలక్ష్మి బిడ్డలు. పూజ పురిట్లో ఉండగానే చెల్లెలికి జ్వరం పట్టి, తగ్గక, పోయింది. తండ్రి రాఘవేందర్‌కు మస్కట్‌లో ఉద్యోగం. నాకు పిల్లల్లేరు. బిడ్డలిద్దరూ నా ఇంటికి వచ్చారు. దాన్ని సాగదీసి ఏడవడం నాకు చేతకాదు. నేను చెప్పాలనుకున్నది శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచిన ఏటి ఎండాకాలం సంగతి.

ఆ ఎండాకాలం మొదట్లో రాఘవేందర్ సెలవు మీద ఆత్మకూరు వచ్చాడు. వెంట కొత్త భార్య ఉమారాణి. అంతకుముందు ఏడాదే పెళ్లయింది, అప్పటిదాకా ఆమె నాగర్‌కర్నూలులో పుట్టింట్లోనే ఉంది. చూద్దామని పిల్లలను తీసుకుని జూరాల మీదుగా పోయాం. పూజ ఎప్పటిలాగే సీటు ఆపింది. భోజనాల దగ్గర నేను మజ్జిగ పోస్తుంటే రాఘవేందర్ తల పైకెత్తకుండా చెప్పాడు.

"వదినా, ఫ్యామిలీ వీసా ఒచ్చింది. ఈసారి పిల్లలను తీస్కపోత."

మజ్జిగ ఒలకలేదు. ఆ మాట ఏదో ఒకనాడు వస్తుందని నాకు తెలుసు. బిడ్డలు తండ్రివి, అడ్డం పడడానికి నేనెవరిని? అక్కడ మంచి బడులున్నాయట, చల్లటి ఇల్లట. అందరూ నేను ఏమంటానో అని చూస్తున్నారు. నోరున్న మనిషినని మా చుట్టాల్లో నాకు పేరు. అప్పుడు నా నోట్లోంచి ఎందుకొచ్చిందో ఆ ప్రశ్న వచ్చింది.

"విమానంల నలుగురు ఒక్కతాన్నే కూసుంటరా?"

అందరూ నవ్వారు. ఏడుస్తుందనుకున్న మనిషి సీట్ల గురించి అడిగిందని వాళ్లకు ప్రాణం కుదుటపడ్డట్టుంది. రాఘవేందర్ కూడా నవ్వి, దానికేముంది, ఎక్కడో ఓచోట ఇస్తారులే అన్నాడు. ఎక్కడో ఓచోట అన్న మాట నాకు ముల్లులా దిగింది. పూజ పరాయివాళ్ల పక్కన కూర్చోదు. పక్కన తెలిసిన ఒళ్లు తగలకపోతే నిద్రపోదు, బెదిరితే గుక్కపట్టి ఏడుస్తుంది, ఆ గుక్క తిరగడానికి వీపు ఎక్కడ రుద్దాలో భవ్యకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. అంత ఎత్తున, మేఘాల్లో, దాన్ని ఎక్కడో ఓచోట కూర్చోబెడతారా?

గద్వాలకు తిరిగివచ్చిన మర్నాడే దానియేలు దుకాణానికి పోయాను. బస్టాండు దగ్గర కంప్యూటరు పెట్టుకుని రైలు టికెట్లూ విమానం టికెట్లూ తీసేవాడు. మెత్తటి మనిషి, కస్టమర్ల మీద గొంతు లేపగా ఎవరూ వినలేదు. ఉమారాణికీ పిల్లలకూ టికెట్లు తీసింది ఆయనే. రాఘవేందర్ టికెట్టు మాత్రం వాళ్ల కంపెనీ మస్కట్‌లోనే తీసి పెట్టింది. చిక్కంతా అక్కడే ఉందని దానియేలు చెప్పాడు. టికెట్లు రెండు చోట్ల తీశారు కాబట్టి, ఆయన ఎవరో, ఈ ముగ్గురూ ఎవరో విమానం వాళ్ల మిషన్‌కు తెలియదట.

మొగుడూ పెళ్లాలని చెప్పు అన్నాను. చెప్పడానికి అది మనిషి కాదు కదమ్మా అన్నాడు. సీటు నంబర్లు ఇక్కడ ఇవ్వరని, విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఇస్తారని, ముందు పోయినవాళ్లకు పక్కపక్కన దొరుకుతాయని, ఆలస్యమైతే తలా ఒక మూలకు పడతారని విడమరచి చెప్పాడు.

"మరి పసిపిల్లను పరాయోళ్ల నడుమ ఏస్తే?"

"అక్కడ ఎవరినన్న బతిమాలుకోవాలమ్మా. జెర మీ సీటు ఇడ్వుండ్రి, పిల్ల ఉందని. మంచోళ్లయితే లేస్తరు."

"లెవ్వకపోతే?"

దానియేలు గడ్డం గోక్కున్నాడు. మా పూజ సంగతి బస్టాండు దుకాణాలన్నిటికీ తెలుసు. "తువ్వాల ఏద్దామంటే ఇమానం కిటికీలు తెరుసుకోవాయె" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

అప్పటినుంచి మగ్గం మీదినుంచి లేచినప్పుడల్లా దానియేలు దుకాణానికి పోయేదాన్ని. నన్ను చూడగానే ఆయనే విమానం కంపెనీకి ఫోను కలిపేవాడు. అటువైపు పాట మోగేది. పాట వింటూ ఇద్దరం కూర్చునేవాళ్లం, కొన్నిసార్లు పాట అయ్యేలోపు లైను తెగిపోయేది. మా ఆయన ఒక మాట అనలేదు. మేం నేసే చీరల అంచు పనికి మగ్గం మీద ఇద్దరు కావాలి కాబట్టి నేను లేని పూట ఆయన నేత ఆపి నూలు కండెలు చుట్టుకునేవాడు. చివరికి ఒకనాటి మధ్యాహ్నం పాట ఆగి, మనిషి పలికాడు. దానియేలు ఇంగ్లీషులో బతిమాలాడు, నేను పక్కనుంచి తెలుగులో బతిమాలాను. తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు, ముగ్గురికీ ఒకే వరుసలో సీట్లు ఇస్తామని రాసుకున్నారట. రాఘవేందర్‌ను మాత్రం కలపలేమన్నారు.

ఆ రోజు కోట గెలిచినట్టు ఇంటికి నడిచాను. దారిలో కమాన్ దగ్గర మామిడిపళ్లు కొన్నాను. ఇంటి గడప ఎక్కుతుంటే అప్పుడు తట్టింది. తల్లి అని రాసుకున్నారు. నేను చెప్పులరిగేలా తిరిగి సాధించింది ఉమారాణిని నా పూజ పక్కన కూర్చోబెట్టడం. మామిడిపళ్ల సంచి గడప మీదే పెట్టి కాసేపు నిలబడ్డాను.

ఉమారాణి మీద కోపం తెచ్చుకుందామంటే ఆ పిల్ల అవకాశం ఇవ్వలేదు. పిల్లలకు అలవాటు పడాలని తనే అడిగి మా ఇంటికి వచ్చి ఉంది. విమానం ఎక్కడం ఆమెకూ అదే మొదటిసారి. "నన్ను అమ్మ అంటరో అనరో అక్కా" అని ఒకసారి అంది, పిల్లల జడలు వేస్తూ. అనిపించే బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, అమ్మా అని పిలువు, అప్పుడు పెడతా అనేదాన్ని. పూజ ముద్ద కోసం అనేసేది. భవ్యకు ఎనిమిదేళ్లు, దానికి కన్నతల్లి ముఖం కాస్త గుర్తుంది. అది ముద్ద వద్దని లేచిపోయేది. నేను వెంటపడలేదు.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండు పోగుల్నీ అంచు దగ్గర ఒకదానికొకటి మెలివేస్తూ నేయాలి కాబట్టి మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. మా ఆయన ఒకవైపు, నేను ఒకవైపు. ఆయన పోగు నింపిన నాడెను అడ్డంగా తోస్తాడు, నేను అందుకుంటాను. ఒకనాడు నేను వంటింట్లో ఉన్నప్పుడు ఉమారాణి, నేర్చుకుందామని కాబోలు, నా వైపు కూర్చుంది. పూజ పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

"అది పెద్దమ్మ సీటు. లే."

ఉమారాణి వెంటనే లేచి, "మీ పెద్దమ్మ ఒస్తే లెవ్వనా బిడ్డా, ఊకనే ఆపిన" అంది. పూజకు ఆ మాట నచ్చింది. సీటు ఆపడమంటే దానికి గౌరవమైన పని. నేను వంటింటి తలుపు వెనక నిలబడి సంతోషపడ్డాను. దాచుకోను, చాలా సంతోషపడ్డాను.

మధ్యాహ్నాలు ఎండ దంచుతుంటే ఫ్యాను కింద అందరం నడుం వాల్చేవాళ్లం. నా చెవి తమ్మె పట్టుకుంటే తప్ప పూజకు నిద్ర రాదు. పిల్లను నడుమ వేసుకుని, ఒకపక్క నేను, ఒకపక్క ఉమారాణి పడుకునేవాళ్లం. దాని చెయ్యి తీసి ఉమారాణి చెవి మీద పెట్టేదాన్ని. కళ్లు మూసుకునే ఉండేది, చెయ్యి మాత్రం తడుముకుంటూ నా దగ్గరికి వచ్చేసేది. మళ్లీ పెట్టేదాన్ని, మళ్లీ వచ్చేది. రోజూ ఇదే. మస్కట్ పోయే వారం ఒకనాడు పెట్టిన చెయ్యి పెట్టినచోటే ఉండిపోయింది. ఎదురుచూశాను. పూజ నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఉమారాణి కదిలితే లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి, నా వైపు చూస్తూ పడుకుంది. పని జరిగింది కదా, లేచిపోయి మగ్గం గుంతలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

బయలుదేరే రోజు నేను అందరినీ తెల్లవారకముందే లేపాను. ముందు పోయినవాళ్లకే మంచి సీట్లని దానియేలు చెప్పిన మాట నన్ను నిలవనియ్యలేదు. విమానం వాళ్లు రాసుకున్నారులే వదినా అని రాఘవేందర్ అంటున్నా వినలేదు. లోపల చలిపెడుతుందని కూడా దానియేలు చెప్పాడు. పోయేవరకే మాట్లాడుకున్న జీపు ఎక్కేముందు మా ఆయన తన భుజం మీది తువ్వాల తీసి, కప్పుకోమని పూజ భుజాన వేశాడు. మిగిలిపోయిన నూలుతో ఆయన సొంతంగా నేసుకున్న ఎర్రగళ్ల తువ్వాల. బస్సుల్లో సీట్లు ఆపింది ఆ తువ్వాలే.

విమానాశ్రయం దగ్గర మా భయమంతా ఒక్కటే. పూజ మమ్మల్ని వదలకుండా గొడవ చేస్తుందని. ఏం చెప్పి ఒప్పించాలో దారి పొడుగునా ఆలోచించాను, ఏదీ తోచలేదు. అద్దాల తలుపు దగ్గర తుపాకులు పట్టుకున్న మనుషులు టికెట్లు చూసి లోపలికి పంపుతున్నారు. టికెట్లు లేనివాళ్లు ఇక్కడే ఆగాలి. పెట్టెల బళ్లతో జనం వరుసకట్టారు. రాఘవేందర్ ముందు, వెనక ఉమారాణి, ఆమె చెయ్యి పట్టుకుని భవ్య. పూజ నా చేతిలోనే ఉంది. అది వరుసను చూసింది, తన భుజం మీది తువ్వాల చూసుకుంది. నా చెయ్యి గుంజింది.

"పెద్దమ్మా, నీకు కిటికీ పక్కన ఆపాల్నా, ఇటు పక్కనా?"

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ముందు తనను ఎక్కిస్తున్నారు, తువ్వాల ఇచ్చారు. పెద్దవాళ్లు వెనక తోసుకుంటూ వస్తారు. పుట్టిన దగ్గరనుంచీ దానికి ప్రయాణమంటే అదే. భవ్య వెనక్కి తిరిగి నన్ను చూసింది. నోరున్న మనిషిని, తల తిప్పి మా ఆయన వైపు చూశాను.

మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని తువ్వాల కొస సరిచేశాడు. "కిటికీ పక్కది ఆపు బిడ్డా. మీ పెద్దమ్మకు గాలి కావాలె గదా" అన్నాడు.

పూజ నా చెయ్యి తనే వదిలేసింది. ఏడవలేదు. ఇంకెవరైనా ముందు పోయి కూర్చుంటారేమోనన్న తొందరతో ఉమారాణి కొంగు పట్టుకుని, అందరికంటే ముందుకు లాక్కుంటూ తలుపు దాటింది. అద్దంలోంచి ఆ ఎర్రగళ్లు కాసేపు కనిపించాయి. తర్వాత జనం అడ్డం వచ్చారు. కాసేపటికి రాఘవేందర్ లోపలినుంచి మా ఆయన సెల్లుకు ఫోను చేశాడు. ముగ్గురికీ ఒకే వరుస ఇచ్చారని, తనకు వెనకెక్కడో పడిందని, అంతా వదిన పుణ్యమేనని చెప్పాడు.

పెద్దరోడ్డు మీదికి వచ్చి గద్వాల బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చింది, జనం కిటికీల మీద పడ్డారు. మా ఆయన చెయ్యి అలవాటుగా భుజం మీదికి పోయి, అక్కడ ఏమీ దొరక్క ఆగిపోయింది. నిలబడే వచ్చాం. జడ్చర్లలో ఎవరో దిగుతూ, కూసో అమ్మా అని నాకు సీటు చూపించారు. నాకు సీటుంది అనబోయాను. అనలేదు. కూర్చోనూ లేదు. మా ఆయన రాడ్డు పట్టుకుని కిటికీ బయటికి చూస్తున్నాడు. పెబ్బేరు దాటేదాకా ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

తొలకరి పడి ఊరంతా తడిసిన ఒక పొద్దున ఉమారాణి ఫోను చేసింది. అంతకుముందు కూడా మాట్లాడింది కానీ రాఘవేందర్ పక్కనుండేవాడు, క్షేమసమాచారాలతో సరిపోయేది. ఈసారి ఒక్కతే ఉంది. మేం మగ్గం మీద ఉన్నాం. భవ్యను బడిలో వేశామని, పూజ పెరుగన్నం తింటోందని చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. ఏంది ఉమా అన్నాను.

"నీకు ఒకటి చెప్పలేదక్కా. ఆ దినం ఇమానం ఎక్కంగనే ఉరికింది. కిటికీ పక్క సీటుల తువ్వాల పరిసి, తను నడుమ కూసుంది. భవ్యను ఇటు కూసోమన్నది. నేను నిలబడ్డ. ఆడ పనిచేసే పిల్ల ఒచ్చి నన్ను కూసోమంటది, ఇది కూసోనియ్యది. పెద్దమ్మది అంటది. తలుపు ఏసెదాంక తలుపు దిక్కే సూసింది."

"ఏసినంక ఏడ్సిందా?"

"ఏడ్వలే. భవ్యనే ఏడ్సింది." ఉమారాణి ముక్కు చీదుకుంది. "నేనే అన్న అక్కా. మీ పెద్దమ్మ ఒచ్చెదాంక ఇంకెవరు కూసోకుండ నేను ఆపుత అని. ఒచ్చినంక లేస్తవా అన్నది. లేస్త అని ఒట్టేసిన. అప్పుడు తువ్వాల మీదనే కూసోనిచ్చింది."

మా ఆయన చెయ్యి మగ్గం మీద ఆగిపోయింది. సెల్లులో మాట బయటికి వినపడుతుంది.

"ఇప్పుడు గుడ దినాం పండుకునేకాడ పక్క మీద ఆ తువ్వాల పరుస్తది. దాని పక్కన నన్ను అంచుకే పండనిస్తది. పెద్దమ్మ ఒస్తే లేస్తవు గదా అని అడుగుతది. నేను ఏం చెప్పాలె అక్కా?"

లేవాలి అని నా మనసు అరిచింది. నేను వస్తే లేవాలి, అది నా సీటు, నా బిడ్డ నాకోసం ఆపింది. అప్పుడు వెనకనుంచి పూజ గొంతు వినిపించింది. "పెద్దమ్మనా? ఏడిదాంక ఒచ్చింది?"

ఫోను దానికియ్యి అన్నాను. పూజ ఊపిరి చెవిలో పడింది.

"పెద్దమ్మా, బస్సు దొరకలేదా?"

"దొరకలే బిడ్డా. శాన మంది ఉండ్రి. ఈడికెల్లి ఆడికి బస్సులు లెవ్వంట."

అది ఆలోచించింది. "మరి నీ సీటు?"

"అమ్మకియ్యి. అమ్మనే కూసోమను, పండుకోమను. లెవ్వొద్దని నేను చెప్పిన్నని చెప్పు."

లైను తెగిందేమో అనుకున్నాను. తెగితే బాగుండునని కూడా అనుకున్నాను. తర్వాత చిన్న గొంతుతో, పని అయిపోయాక అడిగినట్టు అడిగింది.

"తువ్వాల తీసెయ్యాల్నా?"

"తీసెయ్యి బిడ్డా" అన్నాను.

ఫోను పెట్టేశాక మా ఆయన నాడె తోశాడు. నేను అందుకున్నాను.